కోళ్ల శ్వాసవ్యవస్థపై, రోగనిరోధక శక్తిపై బాక్టీరియా విషాల ప్రభావం

కోళ్లకు శ్వాసమార్గంలో సోకే బాక్టీరియా వ్యాధులలో కణజాలానికి కలిగే నష్టం చాలావరకు ఆ సూక్ష్మజీవులు తయారుచేసే విషపదార్థాల వల్ల, వాటిని ఎదిరించబోయి కోడి శరీరం తనకు తానే చేసుకొనే హాని వల్ల జరుగుతుంది. ఈ విషాలను స్థూలంగా రెండు తెగలుగా విభజిస్తారు. బాక్టీరియా బతికి ఉండగా వెలుపలికి స్రవించే ప్రోటీన్లను బహిర్విషాలు అంటారు. గ్రామ్ నెగెటివ్ తరగతికి చెందిన బాక్టీరియాల వెలుపలి పొరలో నిర్మాణ భాగంగా ఉండి, ఆ జీవి చచ్చి పగిలినప్పుడు గాని, పెరిగే క్రమంలో పొర తునకలను రాల్చినప్పుడు గాని విడుదలయ్యే లైపోపాలీశాకరైడ్ అనే పదార్థాన్ని అంతర్విషం అంటారు. ఈ రెండో భావనను 1892లో జర్మన్ శాస్త్రవేత్త రిచర్డ్ ఫైఫర్ మనుషుల కలరా బాక్టీరియాపై పనిచేస్తూ ప్రతిపాదించాడు.

అంతకు పన్నెండేళ్ల ముందే, 1880లో, లూయీ పాశ్చర్ కోళ్ల కలరా బాక్టీరియాను పెంచిన ద్రవం నుంచి సూక్ష్మజీవులను వడగట్టి తీసివేసి, మిగిలిన సారాన్ని ఆరోగ్యంగా ఉన్న కోడికి ఎక్కించగా, ఆ కోడి చావలేదు గాని, జబ్బుపడిన కోడి మాదిరిగానే మగతలో పడి, కొంతసేపటికి తేరుకుంది. సూక్ష్మజీవి లేకుండానే దాని ఉత్పత్తి వల్ల రోగలక్షణం కలగవచ్చునని చూపిన తొలి పరిశీలనలలో ఇది ఒకటి. పాశ్చర్ పేరు చెప్పగానే బలహీనపరచిన సూక్ష్మజీవులతో చేసిన టీకాయే గుర్తుకు రావడం వల్ల, అదే కోళ్ల మీద చేసిన ఈ రెండో పరిశీలనకు రావలసినంత గుర్తింపు రాలేదు.

కోడి శ్వాసవ్యవస్థ నిర్మాణం

విషాల ప్రభావం అర్థం కావాలంటే కోడి ఊపిరి పీల్చుకొనే తీరు ముందుగా తెలియాలి. కోడికి స్తన్యజీవులలో ఉన్నటువంటి ఉదరవితానం లేదు. ఊపిరితిత్తులు చిన్నవి, పక్కటెముకలకు అంటుకొని కదలకుండా ఉంటాయి, గాలి నిండినప్పుడు ఉబ్బవు. గాలిని లోపలికీ వెలుపలికీ నడిపించే పని గాలి సంచులది. పక్షులలో ఇవి తొమ్మిది అని శరీరశాస్త్ర గ్రంథాలు సాధారణంగా చెబుతాయి. కోడిలో మెడ దగ్గరి సంచులు రెండూ కలిసిపోయి ఉండడం వల్ల ఎనిమిదిగా లెక్కించేవారూ ఉన్నారు. రొమ్ము ఎముక, పక్కటెముకలు కదిలినప్పుడు ఈ సంచులు వ్యాకోచించి సంకోచిస్తాయి. పీల్చిన తాజా గాలిలో పెద్ద భాగం మొదట వెనుక వైపు సంచులకు చేరి, అక్కడి నుంచి ఊపిరితిత్తులలోని పారాబ్రాంకస్ అనే సన్నని గొట్టాల గుండా ఒకే దిశలో ప్రవహించి, ముందు వైపు సంచులకు పోయి, ఆపై వెలుపలికి వస్తుంది.

ఎగరడానికి కావలసిన ప్రాణవాయువును సమర్థంగా అందించే ఈ ఏర్పాటులోనే ఒక బలహీనత ఉంది. గాలితో పాటు వచ్చే సన్నని ధూళి, దానికి అంటుకొని ఉన్న బాక్టీరియాలు, వాటి అంతర్విషం శ్వాసనాళపు వడపోతను తప్పించుకుంటే నేరుగా పొట్ట వద్ద, రొమ్ము వెనుక భాగంలో ఉన్న సంచులకు చేరుతాయి. గాలి సంచుల గోడలు పలుచగా ఉంటాయి. వాటిలో రక్తనాళాలు చాలా తక్కువ, కాబట్టి రక్షక కణాలు అక్కడికి ఆలస్యంగా వస్తాయి, మందులు కూడా చాలినంత చేరవు. పైగా స్తన్యజీవుల ఊపిరితిత్తులలో ఎల్లవేళలా కాపుండే స్థూలభక్షకాలు, అనగా సూక్ష్మజీవులను మింగివేసే పెద్ద రక్షక కణాలు, కోడి శ్వాసమార్గంలో మామూలు స్థితిలో బహు కొద్దిగా కనిపిస్తాయి. సోకుడు జరిగిన తరువాత కొన్ని గంటలకు రక్తం నుంచి హెటరోఫిల్ అనే కణాలు మొదట, వాటి వెనుక స్థూలభక్షకాలు అక్కడికి చేరుకుంటాయి.

హెటరోఫిల్ కణాలు మనుషులలోని న్యూట్రోఫిల్ కణాలు చేసే పనే చేస్తాయి గాని, వాటిలో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము లేదు. కోళ్లలో చీము ద్రవంగా ఉండక జున్నులా గట్టిపడిన పసుపుపచ్చని ముద్దగా కనిపించడానికి హెటరోఫిల్ కణాల ఈ స్వభావమే ముఖ్య కారణంగా చెబుతారు. శవపరీక్షలో గాలి సంచుల గోడలు మసకబారి, వాటిలో ఈ ముద్దలు పేరుకొని ఉండడాన్ని కోళ్ల వైద్యులు తరచుగా చూస్తారు. ఒకసారి గట్టిపడిన ఆ పదార్థాన్ని కరిగించి తొలగించడం పక్షి శరీరానికి సులభం కాదు. అందుకే బతికి బయటపడిన కోళ్లు కూడా తరువాత సరిగా బరువు పెరగవు.

అంతర్విషం పనిచేసే తీరు

అంతర్విషంలో విషలక్షణం ఉన్న భాగం లిపిడ్ ఏ అనే కొవ్వు అణువు. ఇది స్వయంగా కణాన్ని చీల్చదు, కరిగించదు. కోడి రక్షక కణాల పైపొరలో ఉండే టి.ఎల్.ఆర్.4 అనే గ్రాహకం దీనిని గుర్తించి, గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా లోపలికి వచ్చిందన్న సంకేతాన్ని పంపుతుంది. ఆ సంకేతంతో కణాలు ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్లను, అనగా కణాల మధ్య వార్తలు మోసే ప్రోటీన్లను, అలాగే నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తాయి. వాపు, జ్వరం, మగత, మేత మానడం ఈ పదార్థాల ఫలితాలే.

ఇక్కడ కోడికి ఒక ప్రత్యేకత ఉంది. మనిషిని గాని, గుర్రాన్ని గాని ప్రాణాపాయ స్థితికి తెచ్చే మోతాదులో అంతర్విషం ఎక్కించినా కోడి సాధారణంగా తట్టుకుంటుంది. స్తన్యజీవులలో టి.ఎల్.ఆర్.4 నుంచి రెండు సంకేత మార్గాలు బయలుదేరుతుండగా, కోడిలో అంతర్విషం వాటిలో ఒకదానిని మాత్రమే మేల్కొల్పుతుందని 2008లో వెలువడిన పరిశోధన చూపింది. ఇంటర్‌ఫెరాన్ బీటా తయారీకి దారితీసే రెండో మార్గం కోడిలో అంతర్విషానికి స్పందించదు. కోడి సహనానికి ఇది ఒక కారణంగా భావిస్తున్నారు. అయితే సహనం అంటే నష్టం లేకపోవడం కాదు. కోళ్ల పెంపకంలో అంతర్విషం చేసే అసలు హాని చావుల లెక్కలో కన్నా, తిన్న మేత మాంసంగా, గుడ్డుగా మారకపోవడంలో ఎక్కువగా కనిపిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్ల ప్రభావంతో కోడి మేత తగ్గిస్తుంది, కండరాలలోని ప్రోటీన్ కరుగుతుంది, కాలేయం పెరుగుదలకు కావలసిన ప్రోటీన్లను వదలిపెట్టి రక్షణకు పనికివచ్చే ప్రోటీన్ల తయారీకి మళ్లుతుంది. అలా తయారయ్యే వాటిలో ఓవోట్రాన్స్‌ఫెరిన్ ఒకటి. గుడ్డు తెల్లసొనలోనూ ఉండే ఈ ప్రోటీన్ ఇనుమును గట్టిగా పట్టుకొని, బాక్టీరియాకు అందకుండా చేస్తుంది.

ఊపిరితిత్తుల రక్తనాళాలపై అంతర్విషం ప్రభావం బ్రాయిలర్ కోళ్లలో మరింత ప్రమాదకరమైనది. త్వరగా బరువు పెరిగేటట్లు ఎంపిక చేసిన ఈ జాతులలో శరీర బరువుతో పోల్చితే ఊపిరితిత్తులు, గుండె సామర్థ్యం అంచు మీద నడుస్తుంటుంది. ఊపిరితిత్తులు వ్యాకోచించలేవు కనుక, వాటిలోని రక్తనాళాలకు కూడా విప్పారే అవకాశం తక్కువ. అంతర్విషం రక్తంలోకి చేరినప్పుడు థ్రాంబాక్సేన్ వంటి పదార్థాలు విడుదలై ఆ నాళాలు బిగుసుకుపోతాయి. గుండె కుడివైపు గది ఎక్కువ ఒత్తిడితో రక్తాన్ని నెట్టవలసి వచ్చి ఉబ్బుతుంది. క్రమంగా కాలేయం నుంచి ద్రవం ఊరి పొట్టలో నీరు చేరుతుంది. పెంపకందారులు ఎసైటిస్ అని పిలిచే ఈ స్థితికి చలి, వేగమైన పెరుగుదల, ప్రాణవాయువు కొరత ముఖ్య కారణాలే అయినా, ధూళితో పీల్చుకొనే అంతర్విషం కూడా దానికి తోడ్పడగలదని అమెరికాలోని అర్కాన్సా విశ్వవిద్యాలయంలో బ్రాయిలర్లపై జరిగిన ప్రయోగాలు సూచించాయి.

ఈ.కోలై

కోళ్లలో శ్వాసమార్గం నుంచి రక్తానికి పాకే బాక్టీరియాలలో ఈ.కోలై ప్రధానమైనది. దీనిలో ఓ1, ఓ2, ఓ78 అనే సీరోగ్రూపులు కోళ్ల రోగాలలో ఎక్కువగా బయటపడుతుంటాయి. ప్రతి ఆరోగ్యవంతమైన కోడి పేగులోనూ ఈ.కోలై ఉంటుంది, రోగం కలిగించే తెగలను మిగిలిన వాటి నుంచి వేరుచేసేవి అవి మోసే అదనపు జన్యువులు. వీటిలో చాలా జన్యువులు కాల్‌వి అనే ప్లాస్మిడ్ మీద, అనగా ప్రధాన క్రోమోసోముకు వెలుపల ఉండే డి.ఎన్.ఏ. వలయం మీద ఉంటాయి. ఏరోబాక్టిన్ అనే పదార్థం కోడి దాచిపెట్టిన ఇనుమును లాక్కొని బాక్టీరియాకు చేరుస్తుంది, ఐ.ఎస్.ఎస్. అనే ప్రోటీన్ రక్తంలోని కాంప్లిమెంట్ అనే రక్షక ప్రోటీన్ల దాడి నుంచి దానిని కాపాడుతుంది. 2003లో గుర్తించిన వ్యాట్ అనే బహిర్విషం పక్షి కణాలలో బుడగల వంటి ఖాళీలను ఏర్పరచి వాటిని పాడుచేస్తుంది. ఇన్ని ఆయుధాలున్నా ఈ.కోలై ఆరోగ్యంగా ఉన్న శ్వాసనాళాన్ని ఒంటరిగా దాటడం అరుదు. కొక్కెర తెగులు, ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్ వంటి వైరస్ వ్యాధులో, మైకోప్లాస్మానో, అమ్మోనియా వాయువో ముందుగా దారి తెరవాలి. గాలి సంచులలో స్థిరపడిన తరువాత మాత్రం అది రక్తంలోకి పాకి, గుండె చుట్టూ, కాలేయం మీద తెల్లని ఫైబ్రిన్ పొరలు కట్టించి, పక్షిని కొద్ది రోజులలోనే చంపగలదు.

శైలికల విధ్వంసం

శ్వాసనాళపు లోపలి పొర మీద శైలికలు అనే అతి సన్నని నూగు వంటి నిర్మాణాలు నిరంతరం ఒకే దిశలో కదులుతూ, ధూళిని, సూక్ష్మజీవులను పట్టుకున్న శ్లేష్మాన్ని గొంతు వైపుకు నెడుతుంటాయి. కోడి శ్వాసకోశ రక్షణలో ఇంతకు మించిన ఏర్పాటు లేదని చెప్పవచ్చు. గాలి సంచులలో కాపలా లేని లోటును ఇదే పూడుస్తుంది. అందువల్ల శైలికలను ఆపివేసే విషం, పరిమాణంలో ఎంత స్వల్పమైనా, ఫలితంలో చాలా పెద్దది.

దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధికి, పెంపకందారుల మాటలో సి.ఆర్.డి.కి, కారణమైన మైకోప్లాస్మా గాలిసెప్టికమ్ ఈ పని నేర్పుగా చేస్తుంది. దీనికి కణకవచం లేదు. కాబట్టి లైపోపాలీశాకరైడ్ అంతర్విషమూ లేదు, కణకవచాన్ని దెబ్బతీసే పెన్సిలిన్ తరగతి మందులు దీనిపై పనిచేయనూ లేవు. సన్నని కొన వంటి భాగంతో శైలికలున్న కణాలకు అతుక్కొని, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వెలువరిస్తుంది. దాని పొరలోని లైపోప్రోటీన్లు రక్షక కణాలను రెచ్చగొట్టి శ్వాసనాళపు గోడలోకి లింఫోసైట్లను గుంపులుగా రప్పిస్తాయి. ఫలితంగా శైలికలు రాలిపోయి, గోడ దళసరెక్కి, దారి ఇరుకై కోడి గురకపెడుతుంది. పైగా ఈ సూక్ష్మజీవి తన ఉపరితల ప్రోటీన్లను తరచుగా మార్చుకుంటుంది గనుక ప్రతిరక్షకాలు తయారైనా దానిని పూర్తిగా తుడిచివేయలేవు. ఒకసారి సోకిన కోడి దీర్ఘకాలం వాహకంగా ఉండి, గుడ్డు ద్వారా పిల్లలకు కూడా దానిని అందిస్తుంది.

బోర్డెటెల్లా ఏవియం ముఖ్యంగా టర్కీ కోళ్ల రోగకారకమైనా, వైరస్ సోకిన కోళ్లలోనూ అవకాశం చూసుకొని స్థిరపడుతుంది. ఇది విడిచే ట్రేకియల్ సైటోటాక్సిన్ నిజానికి బాక్టీరియా కణకవచపు చిన్న తునక. మనుషులలో కోరింత దగ్గు కలిగించే బోర్డెటెల్లా పెర్టుసిస్ కూడా ఇదే పదార్థాన్ని విడుదల చేస్తుంది. ఇది శ్లేష్మాన్ని స్రవించే కణాలను ప్రేరేపించి నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేయించగా, ఆ వాయువు పక్కనే ఉన్న శైలికా కణాలను చంపుతుందని, అంతర్విషం తోడైనప్పుడు ఈ ప్రభావం హెచ్చుతుందని ఎలుకజాతి జీవుల కణజాలంపై చేసిన పరిశోధనలు తెలిపాయి.

ముఖం వాచి, ముక్కు నుంచి దుర్వాసనతో కూడిన ద్రవం కారే కొరైజా వ్యాధికి ఏవిబాక్టీరియం పారాగాలినారమ్ కారణం. దీని హాని ఎక్కువగా ముక్కు, కంటి కింది సైనస్ కుహరాల వరకే పరిమితం కావడం వల్ల చావులు తక్కువగా ఉంటాయి, కాని లేయర్ కోళ్లలో గుడ్ల ఉత్పత్తి గట్టిగా పడిపోతుంది. 1994లో పేరు పొందిన ఆర్నిథోబాక్టీరియం రైనోట్రేకియలే కూడా శ్వాసమార్గ రోగకారకాల జాబితాలో ఉంది.

రోగనిరోధక వ్యవస్థపై దాడి

కోడికి స్తన్యజీవుల మాదిరి లింఫు కణుపులు లేవు. కంటి వెనుక ఉన్న హార్డేరియన్ గ్రంథి, ముక్కులోనూ శ్వాసనాళికల కూడలుల వద్దనూ ఉన్న లింఫాయిడ్ కణజాలం, ప్లీహం, మెడలోని థైమస్, మలద్వారం పైన ఉన్న బర్సా ఆ బాధ్యత పంచుకుంటాయి. బర్సా ప్రతిరక్షకాల తయారీకి మూలస్థానమని అమెరికన్ శాస్త్రవేత్త బ్రూస్ గ్లిక్, ఆయన సహచరులు 1956లో ప్రకటించారు. చిన్నతనంలోనే బర్సా తొలగించిన కోళ్లు సాల్మొనెల్లాకు ప్రతిరక్షకాలను తయారుచేయలేకపోయాయని వారు చూపారు. మనుషులకు కూడా వర్తించే బి-లింఫోసైట్ అనే పేరులోని బి అక్షరం ఈ కోడి అవయవం నుంచే వచ్చింది.

బాక్టీరియా విషాలు ఈ వ్యవస్థను రెండు విధాలుగా దెబ్బతీస్తాయి. మొదటిది నేరుగా చంపడం. గాలిబాక్టీరియం అనాటిస్ అనే సూక్ష్మజీవి జి.టి.ఎక్స్.ఏ. అనే బహిర్విషాన్ని స్రవిస్తుంది. కణపు పొరకు రంధ్రాలు చేసే ఆర్.టి.ఎక్స్. కుటుంబానికి చెందిన ఈ ప్రోటీన్ కోడి ఎర్రరక్తకణాలను చీల్చడమే కాక, మింగడానికి వచ్చిన స్థూలభక్షకాలనే చంపుతుందని 2010లో రుజువైంది. ఆరోగ్యంగా ఉన్న కోళ్ల పై శ్వాసమార్గంలో సైతం ఉండే ఈ బాక్టీరియా అవకాశం దొరికినప్పుడు గర్భాశయ నాళానికి, పొట్టలోపలి పొరకు పాకుతుంది. కోళ్ల కలరాను కలిగించే పాశ్చురెల్లా మల్టోసిడా పద్ధతి వేరు. అది హయాలురోనిక్ ఆమ్లంతో చేసిన కవచాన్ని కప్పుకుంటుంది. ఆ పదార్థం కోడి శరీరంలోనూ సహజంగా ఉండడం వల్ల రక్షక కణాలు దానిని పరాయిదిగా పోల్చుకోలేవు. అలా తప్పించుకొని రక్తంలో విపరీతంగా పెరిగిన తరువాత, దాని అంతర్విషం ఒక్కసారిగా గుండె మీద, కాలేయంలో రక్తపు చుక్కలను, మచ్చలను కలిగించి, ముందురోజు వరకు మేత తిన్న కోడిని తెల్లారేసరికి చంపుతుంది.

రెండో విధం నిదానమైనది. ఈ.కోలై రక్తంలో పెరిగిన కోళ్లలో బర్సా, థైమస్ లింఫోసైట్లు క్షీణించి ఆ అవయవాలు కుంచించుకుపోవడాన్ని పరిశోధకులు గమనించారు. విషప్రభావం వల్ల కలిగే ఒత్తిడిలో కార్టికోస్టిరాన్ అనే హార్మోను పెరగడం కూడా ఇందుకు తోడవుతుంది. తరచుగా అంతర్విషానికి గురయ్యే రక్షక కణాలు క్రమంగా దానికి స్పందించడం తగ్గించుకుంటాయి. ఈ స్థితిని అంతర్విష సహనం అంటారు. బర్సాను నేరుగా నాశనం చేసే గంబోరో వైరస్ ముందే సోకి ఉంటే, ఈ నష్టాలన్నీ ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. జబ్బుగా ఉన్న మందకు టీకా వేసినప్పుడు ప్రతిరక్షకాలు చాలినంతగా రాకపోతే చాలామంది పెంపకందారులు టీకా నాణ్యతను అనుమానిస్తారు. కాని ఆ సమయంలో కోడి శరీరం టీకాకు స్పందించే స్థితిలో లేకపోవడమే చాలాసార్లు కారణం.

బొటులిజం వీటన్నిటికీ భిన్నమైనది. కుళ్లిన కళేబరాలలో, వాటి మీది పురుగులలో ఉండే క్లాస్ట్రిడియం బొటులినం విషాన్ని కోడి తిన్నప్పుడు శ్వాసమార్గానికి వాపు గాని చీము గాని రాదు. నరాల నుంచి కండరాలకు సంకేతం అందించే ఎసిటైల్‌కోలిన్ విడుదల ఆగిపోయి, మెడ వాలిపోయి, రొమ్ము ఎముకను కదిలించే కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగుతుంది. ప్రాణం తీసే ఆ మోతాదు ప్రతిరక్షకాలను పుట్టించడానికి కూడా చాలనంత స్వల్పం కనుక, కోలుకున్న కోడికి రక్షణ మిగలదు.

షెడ్డు గాలి, మందులు, నివారణ

షెడ్డు ధూళిలో రెట్టపొడి, ఈకల పొట్టు, మేత పిండితో పాటు చచ్చిన బాక్టీరియాల అంతర్విషం పుష్కలంగా ఉంటుంది. వేడికి సులభంగా నశించని ఈ పదార్థాన్ని లిమ్యులస్ అనే సముద్రజీవి రక్తకణాల సారంతో చేసే పరీక్ష ద్వారా కొలుస్తారు. తడిసిన లిట్టర్‌లో, అనగా షెడ్డు నేలపై పరిచే పొట్టులో, బాక్టీరియాలు యూరిక్ ఆమ్లాన్ని విడగొట్టినప్పుడు వెలువడే అమ్మోనియా శ్లేష్మంలో కరిగి శైలికలను మందగింపజేస్తుంది. గాలిలో అది 25 పి.పి.ఎం. దాటకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వరిపొట్టు పరచి బ్రాయిలర్లను పెంచే షెడ్లలో శీతాకాలపు రాత్రులు చలికి భయపడి పరదాలు పూర్తిగా దించివేయడం వల్ల ఈ వాయువు పేరుకుంటుంది. వేసవిలో కోళ్లు నోరు తెరచి రొప్పడం వల్ల ముక్కు వడపోతను తప్పించుకొన్న ధూళి ఎక్కువగా లోపలికి పోతుంది. షెడ్డులో రోజంతా ఉండేవారి ముక్కు అమ్మోనియా వాసనకు అలవాటుపడిపోతుంది కనుక, వాసన తెలియడం లేదన్న ధీమా సరైనది కాదు.

యాంటీబయోటిక్ మందులు బాక్టీరియాను చంపుతాయి గాని అంతర్విషాన్ని నిర్వీర్యం చేయవు. పైగా ఒక్కసారిగా చచ్చిన బాక్టీరియాల నుంచి ఆ విషం మరింతగా విడుదలవుతుంది. లిపిడ్ ఏ భాగానికే అతుక్కొనే కొలిస్టిన్ ఇందుకు మినహాయింపుగా కనిపించడంతో అనేక దేశాలలో దానిని కోళ్లకు విచ్చలవిడిగా వాడారు. 2015లో చైనా పరిశోధకులు లిపిడ్ ఏ రూపాన్ని మార్చి కొలిస్టిన్‌ను వమ్ముచేసే ఎం.సి.ఆర్-1 అనే జన్యువును ప్లాస్మిడ్ మీద గుర్తించారు. మనుషుల ప్రాణాలు కాపాడే చివరి మందులలో ఒకటైన కొలిస్టిన్‌ను ఆహారం కోసం పెంచే పశుపక్ష్యాదులకు వాడడాన్ని భారత ప్రభుత్వం 2019 జులైలో నిషేధించింది. ఇది సరైన నిర్ణయం. కాస్త ముందుగా వచ్చి ఉంటే ఇంకా మేలు జరిగేది.

అందువల్ల నివారణలో మొదటి స్థానం పొడి లిట్టర్‌కు, గాలి ఆడే షెడ్డుకు, శుభ్రమైన తాగునీటికి దక్కుతుంది. మైకోప్లాస్మా లేని తల్లి కోళ్ల నుంచి వచ్చిన పిల్లలను తెచ్చుకోవడం, కొక్కెర తెగులు, బ్రాంకైటిస్, గంబోరో టీకాలను వేళకు వేయడం బాక్టీరియాలకు తలుపు తెరవకుండా చేస్తాయి. కొరైజాకు, కోళ్ల కలరాకు చంపిన బాక్టీరియాలతో చేసిన టీకాలు ఉన్నాయి. వాటిలోనూ అంతర్విషం మిగిలి ఉంటుంది కనుక టీకా తరువాత కోళ్లు కొద్ది రోజులు మందకొడిగా ఉండవచ్చు. చచ్చిన కోళ్లను వెంటనే తీసి లోతుగా పూడ్చడమో కాల్చడమో చేస్తే బొటులిజం దాదాపుగా రాదు.

ఇదే ధూళిని షెడ్డులో పనిచేసే మనుషులూ పీలుస్తారు. మనిషి అంతర్విషానికి కోడి కన్నా ఎంతో ఎక్కువగా స్పందిస్తాడు. కోళ్ల షెడ్లలో పనిచేసేవారిలో దగ్గు, ఛాతీ బిగింపు, పని తరువాత వచ్చే జ్వరం అనేక దేశాలలో నమోదయ్యాయి. లిట్టర్ తిరగవేసేటప్పుడు, షెడ్డు ఖాళీచేసి ఊడ్చేటప్పుడు ధూళి అత్యధికంగా లేస్తుంది కాబట్టి, ఆ పనులు చేసే కూలీలకు సరైన మాస్కులు ఇవ్వడాన్ని ప్రతి యజమాని తన బాధ్యతగా తీసుకోవాలి.